బోరబండ ఎలక్ట్రీషియన్ బ్యాచ్: ప్రాజెక్టు డైరీ

ఇంకో బస్తీలో ఇదే పని మొదలుపెట్టేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఆలోచన ఎలా వచ్చింది, ఎవరు మెచ్చుకున్నారు అన్నవి ఇందులో లేవు. హైదరాబాద్‌లోని బోరబండ సైట్-3 దగ్గర ఒక కమ్యూనిటీ హాల్లో, ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లకు, కుట్టుపని చేసుకునేవాళ్లకు ఇంటి కరెంటు రిపేర్లు నేర్పుతున్నాం. వాళ్లు పనికి వెళ్లినప్పుడు ఫోన్లో వెనక ఒక మనిషి ఉంటారు. ఆయన విద్యుత్ శాఖలో రిటైరైన లైన్ ఇన్‌స్పెక్టర్. మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేరు, ఫోన్ మాత్రం మొదటి రింగుకే ఎత్తుతారు. అందరూ సార్ అనే పిలుస్తారు కాబట్టి నేనూ అలాగే రాస్తాను. నాది ఎలక్ట్రికల్ డిప్లొమా, ఒక ఆఫీసు బిల్డింగు మెయింటెనెన్సులో ఉద్యోగం. క్లాసులు, లెక్కలు నా వంతు. డబ్బు నలుగురు స్నేహితుల చందా.

దశ 0: ఏ పని చేస్తాం, ఏది ముట్టుకోం

ఈ గీత మొదటి రోజే గీసుకోవాలి. కేంద్ర విద్యుత్ అథారిటీ భద్రతా నిబంధనల ప్రకారం కొత్త వైరింగు, ఉన్న వైరింగులో మార్పులు లైసెన్సున్న కాంట్రాక్టరు ద్వారానే జరగాలి. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు, 250 వోల్టులు దాటని ఇంటి సామాను లాంటివి పాడైతే, సామర్థ్యం మారకుండా వాటి బదులు అలాంటివే పెట్టడానికి మినహాయింపు ఉంది. ఆ మినహాయింపే మా సిలబస్.

చేసేవి: స్విచ్చు, సాకెట్, హోల్డర్, రెగ్యులేటర్, ఫ్యాను కెపాసిటర్, ట్యూబులైటు బదులు ఎల్‌ఈడీ, కాలింగ్ బెల్, ఫ్యాను దించి ఎక్కించడం, ఏ లైనులో తప్పుందో కనిపెట్టడం.

చేయనివి: కొత్త పాయింటు, ఏసీ లైను, త్రీఫేజు బోరు ప్యానెల్, మీటరు, మీటరుకు అవతల ఉన్నది ఏదైనా.

ఈ జాబితా తెలుగులో రాసి లామినేషన్ చేయించి ప్రతి బ్యాగులో పెట్టాం. కస్టమర్ "అదొక్కటి కూడా చేసిపో అమ్మా" అని ఒత్తిడి చేసినప్పుడు నోటితో కాదనడం కష్టం. కార్డు తీసి చూపించడం సులువు.

దశ 1: టైము, హాజరు

మొదట ఉదయం 10 నుంచి 1 దాకా క్లాసు పెట్టాం. 14 మంది పేర్లు రాయించుకున్నారు. రెండో వారానికి సగం మంది కనిపించలేదు. ఇళ్లల్లో పనిచేసేవాళ్లకు తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం దాకా ఒక విడత, సాయంత్రం 4 నుంచి ఇంకో విడత పని ఉంటుంది. మనం పెట్టిన టైముకి రావాలంటే రెండిళ్లు వదులుకోవాలి. నేర్చుకున్న పని డబ్బు తెచ్చేదాకా ఆ రెండిళ్ల జీతం ఎవరిస్తారు? క్లాసును మధ్యాహ్నం 1:45 నుంచి 3:30కి మార్చాం. తిని కాసేపు నడుం వాల్చే టైమది, దాన్నే అడుగుతున్నామని తెలుసు. అందుకే వారానికి నాలుగు రోజులే.

టైము మార్చాక కూడా హాజరు ఒకరోజు 11, ఒకరోజు 5గా వచ్చింది. రిజిస్టర్‌ని నీళ్లొచ్చే రోజులతో కలిపి చూస్తే విషయం తేలింది. రోజు విడిచి రోజు నల్లా వస్తుంది, ఒక్కో గల్లీకి ఒక్కో టైము. మా క్లాసు టైముకే రెండు గల్లీలకు నీళ్లు. బిందెలు, డ్రమ్ములు నింపకుండా ఏ ఇల్లాలూ ప్లేయర్ పట్టుకోదు. మార్పులు ఇవి:

1. ప్రతి ఒక్కరి గల్లీ నల్లా రోజు, టైము గోడమీద చార్టులో రాశాం.
2. కొత్త పాఠం ఎక్కువమందికి నీళ్లు రాని రోజునే.
3. నీళ్ల రోజున ప్రాక్టీసు మాత్రమే, ఎప్పుడొచ్చినా ఫర్వాలేదు.

బస్సు ఖర్చు లేదు. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం. ఈ పథకం లేకపోతే మోతీనగర్, ఎస్సార్ నగర్ దాటి పనికి పంపడం లెక్కకు వచ్చేది కాదు. 150 రూపాయల పనికి ఆటోకి 120 ఇస్తే ఏం మిగులుతుంది?

ఇప్పటిదాకా: చేరినవాళ్లు 14, నిలిచినవాళ్లు 9. ఖర్చు 2,400 రూపాయలు, హాలు కరెంటు బిల్లు వాటా, చాయ్.

దశ 2: ప్రాక్టీసు బోర్డు

12 ఎంఎం ప్లైవుడ్ షీటును మూడు ముక్కలు చేసి మూడు బోర్డులు కట్టాం. సామానంతా కోఠి దగ్గర ట్రూప్ బజార్లో కొన్నాం. మూడు బోర్డులకూ ముందు ఒకే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్చు), 25 యాంపులు, 30 మిల్లీయాంపులది. డబ్బు తక్కువైతే మిగతావి తగ్గించుకోండి, దీన్ని తగ్గించకండి.

రెండో బోర్డులో స్విచ్చు వేసిన ప్రతిసారీ ఆర్‌సీసీబీ పడిపోయేది. బల్బు మార్చారు, హోల్డర్ మార్చారు, ఫలితం లేదు. బల్బు న్యూట్రల్‌ను (కరెంటు తిరిగొచ్చే వైరును) ఆర్‌సీసీబీకి ముందున్న న్యూట్రల్ పట్టీకి బిగించారని చివరికి తేలింది. ఆర్‌సీసీబీ చేసేది ఒక్కటే: తన గుండా వెళ్లిన కరెంటు తన గుండానే తిరిగొచ్చిందా అని చూడటం. 9 వాట్ల బల్బుకే దాదాపు 40 మిల్లీయాంపులు వెళ్తుంది. అది వేరే దారిన తిరిగిపోతే 30 దాటిన తేడాగా కనిపించి పడిపోతుంది. పుస్తకంలో పేజీన్నర ఉన్న ఈ సంగతి ఆ మధ్యాహ్నం అందరికీ అర్థమైంది.

అక్కడే సిలబస్ తిప్పేశాం. అప్పటిదాకా వైరింగు వేయడం నేర్పుతున్నాం. బయట వీళ్లకు దొరికే పని వైరింగు వేయడం కాదు, వేరేవాళ్లు ఎప్పుడో వేసినదాంట్లో తప్పు పట్టుకోవడం. అందుకని బోర్డుల వెనక కావాలనే తప్పులు పెట్టి మూతలు బిగించాం:

1. తెగిన న్యూట్రల్.
2. ఫేజుకు (కరెంటు వచ్చే వైరుకు) బదులు న్యూట్రల్‌లో పెట్టిన స్విచ్చు.
3. బలం తగ్గిన కెపాసిటర్‌తో ఫ్యాను.
4. వదులు స్క్రూ వల్ల కాలిన 16 యాంపుల సాకెట్.
5. ఎర్తు తగిలించని సాకెట్.
6. ఆర్‌సీసీబీని దాటేసిన న్యూట్రల్, పైన చెప్పినదే.

మొదటిదాంట్లో అందరూ ఇరుక్కున్నారు. బల్బు వెలగదు, టెస్టర్ మాత్రం సాకెట్ రెండు రంధ్రాల్లోనూ వెలుగుతుంది. రెండు ఫేజులు వచ్చాయని ఒకరన్నారు. స్విచ్చు వేసే ఉంచి మల్టీమీటర్‌తో చూస్తే ఫేజు-ఎర్తు 232 వోల్టులు, ఫేజు-న్యూట్రల్ 3, న్యూట్రల్-ఎర్తు 229. ఈ మూడు అంకెలు కలిపి చూస్తే న్యూట్రల్ తెగిందని తప్ప ఇంకో అర్థం రాదు. టెస్టర్‌తో మాత్రమే పనిచేసే పాత మేస్త్రులు కూడా ఇక్కడ తడబడటం చూశాను.

వైరు సైజుల గొడవ ఇంకొకటి. కొత్త కాయిల్ మీద 1.5, 2.5 చదరపు మిల్లీమీటర్లని ఉంటుంది. సార్ నోట్లో, పాత మేస్త్రుల నోట్లో 3/20, 7/20 అనే వస్తుంది. 3/20 అంటే 20 గేజి తీగలు మూడు, లెక్క కడితే దాదాపు 2 చదరపు మిల్లీమీటర్లు. 7/20 అయితే దాదాపు 4.6. ఈ రెండు భాషల చార్టు గోడమీద పెట్టాకే సార్ ఫోన్లో చెప్పేది అర్థం కావడం మొదలైంది.

ఇప్పటిదాకా: బోర్డులకు 8,980. మొత్తం 11,380 రూపాయలు.

దశ 3: టూల్స్, బట్టలు

ప్లేయర్: అందరూ కొనేది 8 అంగుళాలది. మా బ్యాచ్‌లో ఆరుగురికి పిడులు పూర్తిగా తెరిస్తే చెయ్యి అందలేదు, రెండు చేతులతో నొక్కారు. 6 అంగుళాలది సరిపోయింది. 4 చదరపు మిల్లీమీటర్ల వైరు కత్తిరించడానికి కాస్త ఎక్కువ బలం కావాలి, కానీ ఆ వైరు మా పనిలో దాదాపు రాదు.

డ్రిల్లు: మామూలు ఇంపాక్ట్ డ్రిల్లుతో శ్లాబుకు రంధ్రం వేయాలంటే భుజం బలంతో పైకి నెట్టాలి. స్టూలు మీద నిలబడి నెట్టడం ఎవరికైనా ప్రమాదమే. రోటరీ హ్యామర్ బరువెక్కువ, కానీ దెబ్బ అదే కొట్టుకుంటుంది, పట్టుకుంటే చాలు. అందరికీ కలిపి ఒకటి కొన్నాం. పెద్ద ఖర్చు, అయినా ఇదే సరైనది.

మల్టీమీటర్: కెపాసిటర్ కొలిచే రేంజి ఉన్నదే కొనండి. డయల్ మీది ఇంగ్లీషు గుర్తులు నలుగురు చదవలేరు. ఒకావిడ తన నెయిల్ పాలిష్ తెచ్చి ఇంటి కరెంటు (ఏసీ) వోల్టుల దగ్గర ఎర్ర చుక్క, బజర్ దగ్గర ఆకుపచ్చ, కెపాసిటర్ దగ్గర గులాబీ రంగు పెట్టింది. అన్ని మీటర్లకూ అదే పద్ధతి అయింది. ఇంకొకటి: 10 యాంపుల రంధ్రంలో ఎర్ర వైరు పెట్టి వోల్టేజి చూస్తే మీటరే షార్ట్ అవుతుంది. ఒక మీటరు అలా పోయింది. తర్వాత అన్నిటికీ ఆ రంధ్రాన్ని ఎంసీల్‌తో మూసేశాం.

టెస్ట్ ల్యాంప్: హోల్డర్, 40 వాట్ల ఫిలమెంట్ బల్బు, రెండు వైర్లు. ఇంట్లో ఉన్న సామానుతోనే కట్టుకున్నారు. దీని అవసరం దశ 5లో వస్తుంది.

ఇక బట్టలు, నగలు. దీని మీద ఎవరూ రాయరు, అందుకే కాస్త వివరంగా. బోర్డు మీదికి వంగితే పుస్తెలతాడు, నల్లపూసలు ముందుకు వేలాడి తెరిచిన టెర్మినల్స్ మీదికి వస్తాయి. తీసి పక్కన పెట్టమంటే ఎవరూ తీయరు, తీయమనడం సబబు కూడా కాదు. కొన్నాళ్లు పిన్నుతో చీరకు గుచ్చుకున్నారు, పిన్ను ఊడింది, పైగా అదీ లోహమే. మెడదాకా గుండీలున్న మందపాటి కాటన్ చొక్కా కుట్టించాం, డ్రెస్సు మీద వేసుకునేలా. తాడు లోపలికి పోతుంది, చున్నీ ఇంట్లోనే ఉండిపోతుంది. లోహపు గాజులు తీసేయాలి, మట్టిగాజులకు అభ్యంతరం లేదు. కాళ్లకు రబ్బరు అడుగున్న మూసిన బూట్లు. చొక్కాకు ఒక ఉపయోగం మేం అనుకోనిది: అపార్టుమెంటు వాచ్‌మన్ రిజిస్టర్లో "పనిమనిషి" బదులు "ఎలక్ట్రీషియన్" అని రాయడం మొదలుపెట్టాడు.

కిట్లు ఇచ్చిన నెలలోపే రెండు ప్లేయర్లు, ఒక టెస్టర్ ఇంట్లో మగవాళ్ల చేతుల్లోకి వెళ్లిపోయాయి. అన్ని పిడులకూ ఊదారంగు పెయింటు కొట్టాం. తర్వాత ఒక్కటీ పోలేదు. ఊదారంగు టెస్టర్ జేబులో పెట్టుకోవడం మగవాళ్లకు నామోషీ కాబోలు.

ఒక కిట్ లెక్క: టెస్టర్ 70, ప్లేయర్ 320, స్ట్రిప్పర్ 260, స్క్రూడ్రైవర్లు 240, మల్టీమీటర్ 950, తలకు కట్టుకునే టార్చి 280, టేపు, కనెక్టర్లు 130, బ్యాగు 450, చొక్కా 400. కలిపి 3,100.

ఇప్పటిదాకా: 9 కిట్లకు 27,900, ఉమ్మడి రోటరీ హ్యామర్, క్లాంప్ మీటర్‌కు 7,700. మొత్తం 46,980 రూపాయలు.

దశ 4: మొదటి పనులు

పనికి బయటికి వెళ్లేనాటికి ఏడుగురు. ఒకరు ఎలక్ట్రికల్ సామాను కంపెనీలో అసెంబ్లీ పనికి చేరారు, దాన్ని నష్టం కింద రాయను. ఇంకొకరి ఇంట్లో ఒప్పుకోలేదు.

తలుపు దగ్గర వినిపించే మాట ఇంచుమించు ఒకటే: "నువ్వే చేస్తవా? మనిషెవరైనా వస్తరనుకున్న." దీనికి జవాబు రాసి బట్టీ పట్టించాం, పనిచేయలేదు. పనిచేసింది ఏంటంటే, లోపలికి వెళ్లగానే మాట్లాడకుండా మీటర్ తీసి ఒక సాకెట్లో పెట్టి అంకె గట్టిగా చదవడం. "226 ఉంది సార్, వోల్టేజి బాగానే ఉంది. ఏ రూములో ప్రాబ్లం?" అక్కడినుంచి సంభాషణ పని గురించే నడుస్తుంది.

సార్ ఇంకో దారి చెప్పారు. స్టూలు ఎక్కుతావా అని అడిగినవాళ్లకు బబ్బూరి శిరీష గురించి చెప్పమన్నారు. 2019 నాటి జూనియర్ లైన్‌మన్ నోటిఫికేషన్‌లో ఆడవాళ్లకు చోటు లేకపోతే హైకోర్టుకు వెళ్లి, స్తంభం ఎక్కే పరీక్ష పాసై, 2022లో తెలంగాణ తొలి లైన్‌ఉమన్‌గా ఉద్యోగం తెచ్చుకున్నారామె. కస్టమర్ల మీద ఈ కథ పెద్దగా పనిచేయలేదు. మా బ్యాచ్ మీద మాత్రం బాగా పనిచేసింది.

ప్రమాదం దాకా వెళ్లిన పని ఒకటి. హాల్లో స్విచ్చు మార్చాలి. మెయిన్ ఎంసీబీ (ఇంటి మొత్తం కరెంటు ఆపే స్విచ్చు) దించారు, ఫ్రిజ్ ఆగింది, ఏసీ ఆగింది. ఆ స్విచ్చు బోర్డులో మాత్రం ఫేజు అలాగే ఉంది. ఇన్వర్టర్! మెయిన్ దించితే ఇన్వర్టర్ దాన్ని కరెంటు పోయినట్టే అనుకుని లైట్లకు, ఫ్యాన్లకు తన కరెంటు పంపుతుంది. అదీ 230 వోల్టులే. తాకే ముందు మళ్లీ చూడాలన్న అలవాటు వల్లే పట్టుబడింది. ప్రాక్టీసు బోర్డుల్లో ఇన్వర్టర్ లేదు. తర్వాత పాత యూపీఎస్ ఒకటి తెచ్చి మూడో బోర్డుకు కలిపాం. ఇప్పుడు ప్రతి పనికీ వరస ఇదే:

1. ఇన్వర్టర్ ఉందా అని అడగాలి. లేదన్నా ఒకసారి చూడాలి. అద్దెకున్నవాళ్లకు తెలియకపోవచ్చు.
2. మెయిన్ దించే ముందే టెస్టర్‌ను కరెంటున్న సాకెట్లో పెట్టి వెలుగుతోందో లేదో చూసుకోవాలి.
3. ఇన్వర్టర్ దాని స్విచ్చుతోనే ఆపాలి, తర్వాత మెయిన్.
4. మెయిన్ దించే ముందే టెస్టర్‌ను కరెంటున్న సాకెట్లో పెట్టి వెలుగుతోందో లేదో చూసుకోవాలి.
5. పని చేయాల్సిన చోట చూడాలి. వెలగకపోతే మీటర్‌తో కూడా చూడాలి.
6. అప్పుడే చెయ్యి పెట్టాలి.

ఎక్కువ వచ్చిన పని ఫ్యాను నెమ్మదిగా తిరగడం. కెపాసిటర్ మీద 2.5 మైక్రోఫారడ్ అని రాసి ఉంటుంది. రెండు కొసలు కలిపి డిశ్చార్జి చేసి (లోపల నిలిచిన కరెంటు పోగొట్టి) కొలిస్తే 1.4, 1.7, ఒకచోట 0.6 వచ్చాయి. అలాంటిచోట్ల కెపాసిటర్ మారిస్తే ఫ్యాను దారికొచ్చింది. 2.4 వచ్చినచోట మార్చినా లాభం లేదు, బేరింగు పట్టేసింది. అందుకే కొలవకుండా మార్చొద్దని నియమం. కస్టమర్‌కి పాత కెపాసిటర్ రీడింగ్ చూపించాలి, కొత్తదాని రీడింగూ చూపించాలి. బేరాలు బాగా తగ్గాయి.

రిమోట్ ఉండి, లోపలి ఎలక్ట్రానిక్ బోర్డుతో నడిచే కొత్త బీఎల్‌డీసీ ఫ్యానులు సిలబస్‌లో లేవు. అలాంటిదానికి పాత రెగ్యులేటర్ ఉంచేసి బిగించిన ఇల్లు ఒకటి వచ్చింది, ఫ్యాను ఆగుతూ తిరుగుతూ ఉంది. రెగ్యులేటర్ తీసేసి నేరుగా ఇస్తే సరిపోయింది. దాని లోపలి బోర్డు పోతే మేం తెరవం, కంపెనీ సర్వీసుకు ఫోన్ చేయమంటాం.

మొదటి నెల: పనులు 31. అదే రోజు అయినవి 19, రెండోసారి వెళ్లినవి 8, లైసెన్సున్న మేస్త్రికి అప్పగించినవి 4. ఒక్కొక్కరి బ్యాగులో 500 రూపాయల విడి సామాను ఉంచాక రెండోసారి వెళ్లడం తగ్గింది. 9 బ్యాగులకూ ముందే కొనేశాం, 4,500. మొత్తం 51,480 రూపాయలు.

దశ 5: ఫోన్లో సాయం, మూడు పద్ధతులు

ఈ డైరీలో ఎవరైనా ఒక్క భాగమే చదివితే ఇది చదవండి.

మొదటి పద్ధతి, వీడియో కాల్. ఆమె బోర్డు చూపిస్తుంది, సార్ ఇంట్లో కూర్చుని చెప్తారు. కాగితం మీద ఇంతకన్నా మంచి ఆలోచన లేదు. జరిగింది ఇది. మెయిన్ దించగానే వైఫై పోయింది, లైటూ పోయింది, సార్‌కి నల్లటి తెర కనిపించింది. ఒక చేతిలో ఫోన్ ఉంటే పనికి ఒక్క చెయ్యే మిగిలింది. మెడకు తగిలించుకునే ఫోన్ హోల్డర్లు కొన్నాం, 180 రూపాయలవి. బోర్డుకు దగ్గరగా వెళ్తే ఫోకస్ రాదు, ఫ్యాను దగ్గర తలెత్తితే ఎదుటి గోడ కనిపిస్తుంది. తొమ్మిది హోల్డర్లూ ఇప్పుడు హాల్లో మేకుకు వేలాడుతున్నాయి, ఎవరికైనా కావాలంటే తీసుకెళ్లండి.

ఇవన్నీ సర్దుకునేవే. సర్దుకోనిది వేరే ఉంది. ఫోన్లోంచి మగగొంతు వినపడగానే కస్టమర్ ఆమెను వదిలేసేవాడు. "ఫోన్ ఇటివ్వమ్మా, సార్‌తో నేను మాట్లాడతా." సార్ మర్యాదస్తుడు, అడిగితే వివరంగా చెప్తారు. తప్పు కనిపెట్టింది ఆమె, బాగుచేసింది ఆమె, కస్టమర్ ఫోన్‌కి థ్యాంక్స్ చెప్పి, "నువ్వు హెల్పరువే కదా" అని ఆమెకు సగం డబ్బు ఇచ్చాడు. ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. వీడియో కాల్ వాడిన ఇళ్లనుంచి రెండోసారి పిలుపు ఒక్కటీ రాలేదు. ఎవరి సాయమూ లేకుండా తంటాలుపడి రెండోరోజు పూర్తిచేసిన ఇళ్లనుంచి మళ్లీ పిలుపులు వచ్చాయి. అంటే మా సాయమే వాళ్ల గిరాకీని చెడగొడుతోంది.

రెండో పద్ధతి, వాట్సాప్ గ్రూపు. ఫోటో పెడితే సార్ వాయిస్ మెసేజ్ పెడతారు. ఇది కొంత నయం. కానీ సార్ మెసేజ్ రెండు నిమిషాలుండేది, మొదటి నిమిషం మొన్న చెప్పిన పాఠం గురించి. ఒకసారి అది కస్టమర్ ముందే స్పీకర్లో మోగింది: "ఇది కూడా మర్చిపోయావా అమ్మా?" వెంటనే వైరున్న ఇయర్‌ఫోన్లు కొన్నాం. బ్లూటూత్‌వి వద్దు, సరిగ్గా అప్పుడే చార్జింగు ఉండదు. ఇంకో ఇబ్బంది: గ్రూపులో అందరూ చూస్తారని ఇద్దరు అసలు ఫోటోలే పెట్టలేదు. ఎవరికివారు విడిగా పంపడానికి మార్చాం.

మూడో పద్ధతి, ఇప్పుడు నడుస్తున్నది:

1. మెయిన్ దించకముందే మూడు ఫోటోలు. ఒకటి మొత్తం ఎంసీబీ బాక్సు. రెండు పని ఉన్న బోర్డు. మూడు మీటర్ రీడింగ్, రెండు ప్రోబులు (మీటర్ వైర్ల కొసలు) ఎక్కడున్నాయో కనపడేలా.
2. కస్టమర్‌కి ఒకే మాట: "చెక్ చేసి ఐదు నిమిషాల్లో చెప్తాను."
3. ఫోటోలతో పాటు తన అనుమానం ఒక్క ముక్కలో పంపాలి. ఉదాహరణకు "న్యూట్రల్ అనుకుంటున్నా." అనుమానం రాయకపోతే జవాబు రాదు.
4. జవాబు 20 సెకన్లు దాటకూడదు. అందులో మూడే ఉండాలి: ఎక్కడ చూడాలి, ఎంత రావాలి, రాకపోతే ఏం చేయాలి.
5. కస్టమర్‌తో ఫోన్లో ఎవరూ మాట్లాడరు. సార్ కూడా. ఎంత అడిగినా.
6. జవాబు "ఆపు" అయితే మూతలు బిగించి, లైను ఆపి ఉంచి, కార్డు చూపించి వచ్చేయాలి. ఆరోజు చార్జీ తీసుకోకూడదు. ఆమెకు 100 రూపాయలు మా చందా నుంచి.

మూడో మెట్టు దగ్గర సార్‌తో వాదన జరిగింది. పని మధ్యలో ఉన్న మనిషిని పరీక్ష పెట్టినట్టు అడగడమేంటన్నారు. కానీ అనుమానం రాయడం మొదలయ్యాక సగానికి పైగా జవాబులు "కరెక్టే, కానియ్" అని వస్తున్నాయి. తనకు తెలిసిందే అడుగుతున్నానని ఆమెకే అర్థమయ్యాక అడగడం తగ్గుతుంది.

బాగా పనిచేసిన ఒక కేసు చెప్తాను. స్విచ్చు ఆపినా ఎల్‌ఈడీ బల్బు మినుకుమంటోంది. ఆపిన లైనులో మీటర్ 74 వోల్టులు చూపిస్తోంది. ఆమెకు టెన్షన్, కస్టమర్‌కి ఇంకా టెన్షన్. ఫోటోతో పాటు "లీకేజా?" అని వచ్చింది. జవాబు: టెస్ట్ ల్యాంప్ తగిలించి మళ్లీ చూడు, సున్నాకి పడిపోతే అది దొంగ వోల్టేజి. పక్కపక్కనే పరిగెత్తే వైర్ల వల్లో, స్విచ్చులోని ఇండికేటర్ వల్లో ఊరికే కనిపించేది, లోడు పెడితే నిలవదు. సున్నాకి పడింది. ఆ బోర్డు స్విచ్చులో ఎర్ర ఇండికేటర్ ఉంది, దానిగుండా పోయే కాస్త కరెంటే బల్బును మినుకుమనిపిస్తోంది. ఇండికేటర్ లేని స్విచ్చు పెడితే సమస్య పోయింది.

సార్ మధ్యాహ్నం 2 నుంచి 4 దాకా పడుకుంటారు. పనులు ఎక్కువ వచ్చేది ఆ టైములోనే. చిన్నపిల్ల ఉండి బయటి పనులకు వెళ్లలేకపోతున్న ఒకావిడను, కుట్టుమిషన్ దగ్గర కూర్చునే జవాబులివ్వమని అడిగాం. దాచిన తప్పులు బ్యాచ్‌లో అందరికన్నా తొందరగా పట్టేది ఆమే. జవాబుకు 30 రూపాయలు. నెల తర్వాత చూస్తే సార్ జవాబు నిడివి సగటున 40 సెకన్లు, నియమం 20 అయినా సరే. ఆమెది 12. ఇప్పుడు మొదటి జవాబు ఎప్పుడూ ఆమెదే, ఆమెకు తేలనివే సార్‌కి వెళ్తాయి. ఒకవేళ స్పీకర్లో మోగినా కస్టమర్‌కి వినపడేది ఆడగొంతే. "మా ఆఫీసు మేడమ్" అంటున్నారు మావాళ్లు.

రెండో నెల: పనులు 44. అదే రోజు అయినవి 36, రెండోసారి 5, అప్పగించినవి 3. ఫోన్ సాయం మొదటి నెల 23 సార్లు, రెండో నెల 21. పనులు పెరిగినా అడగడం పెరగలేదు.

ఇప్పటిదాకా: హోల్డర్లు 1,620, ఇయర్‌ఫోన్లు 1,350, ఫోన్ రీచార్జి 900, మొత్తం 3,870. అంతా కలిపి 55,350 రూపాయలు. జవాబుల డబ్బు, "ఆపు" డబ్బు వేరే పద్దులో ఉన్నాయి.

దశ 6: డబ్బు ఎవరి ఖాతాకి

పని ముగిశాక క్యూఆర్ చూపించాలి. నలుగురి క్యూఆర్లు భర్త నంబరు మీదో, కొడుకు నంబరు మీదో ఉన్నాయి. డబ్బు పడింది, మెసేజ్ ఇంకొకరి ఫోన్‌కి వచ్చింది, డబ్బు ఇంటికి రాలేదు. పొదుపు సంఘంలో ఉన్నవాళ్లకు సొంత ఖాతా ఉంది, దానికి ఫోన్ నంబరే కలిపి లేదు. బ్యాంకులో నంబరు మార్పించడానికి మీటర్ వాడటం నేర్పినంత టైము పట్టింది. కొత్త బ్యాచ్‌కి ఇది మొదటి వారం పని: సొంత సిమ్, సొంత ఖాతా, సొంత క్యూఆర్. మిగతాది ఆ తర్వాతే.

రేట్లు: చూడటానికి 150, పని చేస్తే అందులోనే సర్దుబాటు. స్విచ్చు, సాకెట్ ఒక్కోదానికి 80. ఫ్యాను దించి ఎక్కిస్తే 250. సామాను బిల్లుమీదే. తెలిసిన ఇల్లని, తాము గిన్నెలు కడిగే ఇల్లని మొదట్లో సగం తీసుకున్నారు. ఆ ఇళ్లే ఆ రేటుని పక్క ఫ్లాట్లకు చెప్పాయి. ఇప్పుడు కార్డు మీద అచ్చువేసిన రేటే, తగ్గించాలంటే "మేడమ్‌ని అడగాలి" అంటారు. ఇంతవరకు ఎవరూ అడగలేదు.

దశ 7: పర్మిట్ వైపు

రిపేర్ల దగ్గరే ఆగిపోతే నెలకు వచ్చేది పరిమితమే. వైరింగు పని చేయాలంటే రాష్ట్ర ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు ఇచ్చే వైర్‌మన్ పర్మిట్ కావాలి. ఐటీఐ ఎలక్ట్రీషియన్ కోర్సు రెండేళ్లు, పగటి క్లాసులు. మా బ్యాచ్‌లో పది పాసైనవాళ్లు ఇద్దరు, వాళ్లు కూడా రెండేళ్లు సంపాదన ఆపుకోలేరు. లైసెన్సున్న ఒక కాంట్రాక్టరు కింద ముగ్గురు హెల్పర్లుగా వెళ్తున్నారు, వారానికి రెండు రోజులు. పైపుల్లో వైరు లాగడం, డీబీ (ఎంసీబీలుండే బాక్సు) కట్టడం అక్కడే నేర్చుకుంటున్నారు.

టూల్స్ డబ్బు కోసం పీఎం విశ్వకర్మ చూశాం. కిట్‌కి 15,000 దాకా ఇస్తారు. పథకంలో 18 పనులున్నాయి, తాపీ మేస్త్రి, వడ్రంగి, టైలర్ అందులో ఉన్నారు, ఎలక్ట్రీషియన్ లేడు. మా బ్యాచ్‌లో కుట్టుపని చేసేవాళ్లు టైలర్లుగా పెట్టుకోవచ్చు, పెట్టుకోమన్నాం. అది కుట్టుమిషన్‌కి, ప్లేయర్‌కి కాదు.

ఇంకా తేలనివి

1. రాత్రి 8 తర్వాత పిలుపులు. కరెంటు పనులకు ఎక్కువ గిరాకీ అప్పుడే. ఇద్దరు కలిసి వెళ్తే డబ్బు సగమవుతుంది. ప్రస్తుతానికి వెళ్లడం లేదు.
2. నిచ్చెన. బస్సులో ఎక్కనివ్వరు, అల్యూమినియంది కరెంటు పనికి మంచిది కాదు. పిలుపు వచ్చినప్పుడే గట్టి స్టూలు ఉందా అని అడుగుతున్నాం, లేదంటే ఫ్యాను పని ఒప్పుకోవడం లేదు.
3. సింగిల్ ఫేజు బోరు స్టార్టర్ బాక్సులు. అడిగేవాళ్లు చాలామంది. స్టార్ట్ కెపాసిటర్ 100 మైక్రోఫారడ్ పైన ఉంటుంది, ఆపిన తర్వాత కూడా గట్టిగా కొడుతుంది. నాలుగో ప్రాక్టీసు బోర్డుగా పాత ప్యానెల్ ఒకటి వెతుకుతున్నాం. దొరికి, బ్యాచ్ మొత్తం దానిమీద డిశ్చార్జి చేయడం చేతికి వచ్చేదాకా చేయనివాటి జాబితాలోనే ఉంటుంది.
4. గీజరు. 2 కిలోవాట్లదానికి దాదాపు 8.7 యాంపులు. చాలా ఇళ్లల్లో 6 యాంపుల సాకెట్‌కి అడాప్టర్ పెట్టి నడుపుతున్నారు. సాకెట్ మారిస్తే చాలదు, వెనక వైరూ మారాలి, అది మా పరిధి కాదు. ఫోటో తీసి కాంట్రాక్టరుకు పంపుతున్నాం. పని ఆయనకు దొరికితే చూసిన ఆమెకు ఎంత ఇవ్వాలన్నది ఇంకా మాట్లాడుకుంటున్నాం. ఆయన 100 అంటున్నారు, మావాళ్లు 200 అడుగుతున్నారు.